మెట్టసీమకు వచ్చిన సముద్రం

పాలమూరు, నల్లగొండ జిల్లాల పేరెత్తితే వలస, కరువు, ఫ్లోరైడు నీళ్లు గుర్తుకొస్తాయి. అవన్నీ నిజమే. కానీ ఈ రెండు పాత జిల్లాల దక్షిణపు అంచు చాలావరకు కృష్ణమ్మే. తంగిడి దగ్గర భీమ వచ్చి కలిసిన చోటు నుంచి బీచుపల్లి, సోమశిల, ఏలేశ్వరం, వాడపల్లి, మట్టపల్లి దాకా నది మన గడ్డను ఒరుసుకుంటూ పోతుంది. ఒడ్డునే ఉండి ఎకరం తడుపుకోలేని రైతు గురించి చాలామంది రాశారు. ఆ నీటి మీదనే, ఒక తెడ్డూ ఒక వలా పెట్టుకుని, నెలల తరబడి ఒంటిగా తిరిగిన మనిషి గురించి రాసినవాళ్లు తక్కువ. మా తాత అట్లాంటి మనిషి. కొల్లాపురం కింది రేవుల్లో పుట్టి నడిపినవాడు. నేను అదే తాలూకాలో బడిపంతులుగా పనిచేసి రిటైరైనాను. ఆయన చెప్పినవీ, ఆ తరువాత నా కళ్లతో చూసినవీ కలిపి, ఆ బతుకు ఎట్లా సాగిందో, ఎక్కడ మలుపు తిరిగిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పుట్టి చూడనివాళ్లకు ముందుగా దాని సంగతి చెప్పాలి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పెద్ద బుట్ట అది. వెనకటి రోజుల్లో దాని మీద ఎద్దు తోలో బర్రె తోలో కుట్టి బిగించేవాళ్లు. తరువాత తారు పూసిన గోనె వచ్చింది, ఆ తరువాత ఎరువుల సంచులు, ఇప్పుడు ఫైబరు. జనాన్ని దాటించే పుట్టి పది పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుంది. చేపలకు పోయే ఒంటి మనిషి పుట్టి అందులో సగమే. దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని నడిచిపోవచ్చు. దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు పక్కన వేస్తే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. అంచుకు మోకాళ్లు ఆనించి కూర్చుని, తెడ్డును ఎదురుగా నీళ్లలో దించి, మణికట్టుతో ఇటూ అటూ మెలిక తిప్పుతూ తన వైపు లాక్కోవాలి. అప్పుడే ముందుకు జరుగుతుంది. లోతు తక్కువ ఉన్నచోట తెడ్డు పక్కన పెట్టి గడ పట్టాలి.

ఈ పుట్టి ఎంత పాతదో చెప్పడానికి ఊహలతో పనిలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు మనిషి డొమింగో పేస్, తుంగభద్ర మీద తోలు కప్పిన గుండ్రని బుట్ట పడవల్ని చూశాడు. పదిహేను ఇరవై మంది పడతారనీ, తిన్నగా పోక ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయనీ, ఆ రాజ్యంలో నదులున్న చోటల్లా ఇవి తప్ప వేరే పడవలు లేవనీ రాసిపెట్టాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే గండికోట నుంచి గోల్కొండకు వచ్చాడు. ఆ దారిలో నది దాటించిన తోలు బుట్టల గురించి ఆయనా రాశాడు. అడుగున కట్టెలు పరిచి వాటి మీద తివాచీ వేశారట, బండిని రెండు పుట్టీల నడుమ కట్టి దాటించారట, గుర్రాల్ని ఈదించారట. 1803లో మరాఠాల మీదికి బయల్దేరిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా తన ఫిరంగుల్నీ సేననూ ఈ దక్కను నదులు దాటించడానికి బుట్ట పడవలే అల్లించాడు. ఇన్ని వందల ఏళ్లు రాజులూ సుల్తానులూ దొరలూ మారినా పుట్టి మారలేదు. రాతి గుండ్లు, సుడులు, అడుగడుగునా మారే లోతు ఉన్న ఈ నదికి అంతకన్నా పనికొచ్చే పడవ లేదు. చెక్క పడవ బండకు కొడితే పగులుతుంది. పుట్టి వంగి తప్పుకుంటుంది.

రేవు పని అందరికీ కనిపించేది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కాలం నుంచీ ఒడ్డు ఊళ్ల సంతలు, పెండ్లిళ్లు, జాతరలు పుట్టి మీదనే నడిచాయి. మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దీవికి దత్తభక్తులు వెళ్లేది పుట్టిలోనే. దాటించినందుకు మా తాతకు చేతిలో పైసలు రాలేదు. పంట కల్లానికి వచ్చినప్పుడు ఇంటికి కుంచెడు జొన్నలు కొలిచిచ్చేవాళ్లు. దాటించడంలో ఉపాయం ఒక్కటే, ప్రవాహానికి ఎదురు పోకపోవడం. పుట్టిని ఒడ్డు వెంబడే చాలా దూరం పైకి ఈడ్చుకుపోయి, అక్కడ జనాన్ని ఎక్కించి, నీళ్లు తీసుకుపోతుంటే కొంచెం కొంచెంగా అడ్డం జరిగి, కింద అవతలి రేవులో పట్టాలి. "నదితోటి కొట్లాడొద్దు బిడ్డా, అది పోయే దిక్కే పోతున్నట్టుండి నీ దిక్కు జరగాలె" అనేవాడు తాత.

నాకు ఎక్కువ ఇష్టమైనది ఆయన చెప్పిన రెండో బతుకు. శివరాత్రి దాటి ప్రవాహం సన్నబడ్డాక రేవుల్లో పని తగ్గేది. జనం కాలినడకనే దాటేవాళ్లు. అప్పుడు తాత చిన్న పుట్టి తీసుకుని నది వెంబడి కిందికి పోయేవాడు. సోమశిల దాటితే నల్లమల నదికి రెండు దిక్కులా ముసురుకుంటుంది. మడుగు మడుగుకు ఆగుతూ, వల వేస్తూ, పట్టిన చేపను కోసి ఉప్పు పెట్టి బండల మీద ఎండబెడుతూ వానల దాకా అట్లనే తిరిగేవాడు. వెంట తీసుకుపోయేవి జొన్నపిండి మూట, ఉప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు, చెకుముకి, ఒక సత్తు గిన్నె, వల బాగుచేసుకునే దారం. ఈత రాని రోజుల్లో నేర్చుకోవడానికి కట్టుకున్న సొరకాయ బుర్రను కూడా వదలకుండా పుట్టిలో వేసుకునేవాడు. పుట్టి బోల్తాపడితే పట్టుకోవడానికి అదే దిక్కు.

చుట్టూ నీళ్లున్నా ఆయన నది నీళ్లు తాగేవాడు కాదు. ఇసుక తిన్నె మీద నీటికి నాలుగు బారల దూరంలో మోచేతి లోతు చెలిమ తవ్వి, మొదట ఊరిన నీళ్లు చిప్పతో తోడిపోసి, తేటపడ్డాక కడుపునిండా తాగేవాడు. దిగిన ప్రతిచోటా మొదటి పని చెలిమే. రెండోది పొయ్యి. పొద్దున జొన్నరొట్టె, కాల్చిన చేప. పగలు అంబలి. రాత్రి చింతపండు పులుసు. పడుకోవడం ఇసుక మీద. మబ్బు పడితే పుట్టిని బోర్లించి ఒక పక్క రాయి ఎత్తుపెట్టి దాని కిందికి దూరేవాడు. చెంచుపెంటల వాళ్లు తేనె, గడ్డలు తెచ్చి ఎండుచేపలకు మారకం చేసుకునేవాళ్లట. ఆ మనుషులు కనబడని రోజులు ఎన్నో. మొసలి ఉన్న మడుగులో రాత్రి వల తియ్యకూడదనీ, ఇసుక తిన్నె మీద మొసలి పొట్ట ఈడ్చిన జాడ ఉంటే ఆ పక్కన పడుకోకూడదనీ ఆయనకు చెప్పినవాళ్లు చెంచులే.

తిరిగి రావడం ఇంకో కథ. ప్రవాహానికి ఎదురు పుట్టి రాదు. ఎండుచేపల మూట, పుట్టి నెత్తిన పెట్టుకుని అడవి దారిన నడిచి రావాలి. పొద్దుటి చల్లదనంలో నడిచి, ఎండెక్కాక పుట్టి నీడలోనే కూర్చునేవాడు. ఇట్లాంటి ప్రయాణాన్ని ఈ కాలం సాహసయాత్ర అంటుంది. మా ఇంట్లో మాత్రం అది ఎండాకాలపు సంపాదన.

ఆ నది రెండు దెబ్బలకు పోయింది. దెబ్బ అన్న మాట కావాలనే వాడుతున్నాను. ప్రాజెక్టుల వల్ల లక్షల ఎకరాలు పండాయి, కరెంటు వచ్చింది. అది కాదనను. నేను చెబుతున్నది నది మాట. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఇక్ష్వాకుల విజయపురి అటు మునిగింది, నల్లగొండ వైపున తవ్వకాలు జరిగిన ఏలేశ్వరం ఇటు మునిగింది. ఏలేశ్వరం గట్టు మాత్రం దీవిగా మిగిలింది. ఆ పైన శ్రీశైలం ఆనకట్ట 1960లో మొదలై, 1981 నాటికి నీళ్లు నిలిపేదాకా వచ్చింది. ఆ ఏడు మా పాలమూరు వైపూ, కర్నూలు వైపూ కలిపి వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. సుమారు లక్షమంది కదిలారు. జటప్రోలు, సోమశిల, మంచాలకట్ట గుళ్లను రాయి రాయి విప్పి గట్టున మళ్లీ కట్టారు. గుళ్లకు కొత్త చోటు దొరికింది. రేవులకు దొరకలేదు.

నీళ్లు నిండిన తరువాత మావాళ్లకు మొదట అర్థమైంది గడ అడుగుకు అందడం లేదని. రెండోది ప్రవాహం లేదని. దాటడానికి ఇంతకాలం వాడుకున్న బలమే పోయింది. సాగర్ నిండితే 285 చదరపు కిలోమీటర్లు, శ్రీశైలం నిండితే ఆరు వందలకు పైగా. అంత బట్టబయలు నీటి మీద గాలికి అడ్డు లేదు. పొద్దున అద్దంలా ఉండే నీళ్లు పది దాటితే కదలడం మొదలుపెడతాయి. ఆషాఢంలో పడమటి గాలి పట్టిందంటే అలలు నడుము ఎత్తుకు లేస్తాయి. ఈ అలలు పొడుగ్గా రావు. ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. అడుగు చదునుగా, అంచు తక్కువగా ఉన్న పుట్టి ఒకటి ఎక్కేలోపల రెండోది లోపల పడుతుంది. వందల ఏళ్లు నదికి సరిపోయిన పడవ ఒక్క తరంలో సరిపోకుండా పోయింది.

చెలిమ కూడా పోయింది. ఇసుక తిన్నెలు మునిగాయి, మిగిలిన ఒడ్డు ఒండ్రు లేకపోతే రాయి. నీళ్ల మీద బతికేవాడు నీళ్లు డబ్బాల్లో మోసుకుపోవాల్సిన కాలం వచ్చింది. మడుగులు మారాయి. చేపల దారులు మారాయి. సర్కారు వదిలిన పిల్లలతో బొచ్చ, రవ్వ పెరిగాయి గాని, అవి ఎక్కడ తిరుగుతాయో మావాళ్లకు తెలియదు. లోతు నీళ్లకు తగ్గ వలలు మావాళ్ల దగ్గర లేవు.

అవి తెలిసినవాళ్లు సముద్రం నుంచి వచ్చారు. సాగర్ కట్టిన కాలంలోనే విశాఖపట్నం తీరపు మత్స్యకారులు కుటుంబాలతో వచ్చి నల్లగొండ ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. నేరేడుగొమ్ము మండలంలో వాళ్లు నిలిచిన చోటు వైజాగ్ కాలనీ అయింది. ఇప్పుడు హైదరాబాదు నుంచి కార్లలో వచ్చి చేపల కూర తినిపోయేవాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. ఆ పేరు ఎట్లా వచ్చిందని అడిగేవాళ్లు అరుదు. సముద్రం ఎన్నడూ చూడని దేవరకొండ గుట్టల మధ్యకు కెరటం తెలిసిన మనుషులు వచ్చారంటే, ఆ గుట్టల మధ్య నీళ్ల స్వభావం సముద్రం వైపు తిరిగిందని అర్థం. మా జిల్లాల చరిత్రలో ఇది చిన్న సంగతి కాదని నేను గట్టిగా నమ్ముతాను. మన జనం బొంబాయికి, భివండికి వలసపోతున్న అదే రోజుల్లో, సముద్రపు ఒడ్డు జనం మన దగ్గరికి వలస వచ్చారు.

ఆ కాలనీ పెద్దమనిషి ఒకాయన నాతో చాలాసేపు మాట్లాడాడు. "ఇది ఏరు కాదు మేస్టారూ, సంద్రమూ కాదు. కెరటం ఉంది గానీ పోటూ పాటూ లేవు" అన్నాడు. దిక్కు ఎట్లా పడతారంటే కొండ గురుతే అన్నాడు. విశాఖలో లోపలికి పోయినవాళ్లు యారాడ కొండనూ, వెనకనున్న సింహాచలం కొండలనూ చూసుకుని ఎక్కడున్నారో తేల్చుకుంటారు. ఇక్కడ అదే పని నల్లమల గుట్టలతో చేస్తారు. ముందు గుట్ట కొస, వెనక గుట్ట మెడ ఒకే గీతలోకి వచ్చినచోట వల వేస్తే, మర్నాడు చీకట్లో వచ్చినా అదే చోటికి చేరతారు. ఈ విద్య మా తాతకు లేదు. ఆయనకు బండలూ సుడులే గుర్తులు. అవి నీళ్ల కిందికి పోయాయి.

ఆ పెద్దమనిషి పుట్టిన తీరాన్ని ఒక ఒంటరి మనిషి తెడ్డు వేసుకుంటూ దాటిపోయిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఓస్కార్ స్పెక్ జర్మనీవాడు, కరెంటు పనివాడు. పని పోయి, 1932లో ఉల్మ్ పట్టణం దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాక్ దించాడు. కొయ్య చట్రం మీద గుడ్డ తొడుగు లాగి బిగించిన పడవ అది. బద్దల మీద తోలు బిగించిన పుట్టికి దూరపు చుట్టమే. మధ్యధరా, యూఫ్రటీస్, పర్షియా అఖాతం దాటి మన పడమటి తీరానికి వచ్చి, 1935లో సింహళం చేరి, మద్రాసు మీదుగా కలకత్తా వైపు పోయాడు. అట్లా తీరం పట్టుకుని పోయేవాడికి విశాఖ, భీమిలి దారిలోనే ఉంటాయి. దారిలో జ్వరాలు పడ్డాడు, దోపిడీకి గురయ్యాడు. 1939 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా ఉత్తరాన సైబాయ్ దీవిలో దిగేసరికి యుద్ధం మొదలైపోయింది. జర్మనీవాడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన గురించి చదివినప్పుడల్లా నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే, ఏ పూట ఎక్కడ దిగాడు, తాగే నీళ్లు ఎవరిచ్చారు? ఒంటి పడవ మనిషికి తెడ్డు వేయడం సగం పనే. దిగే ఒడ్డు, తాగే నీళ్లు, లేచే గాలి, ఈ మూడూ తెలియడం మిగతా సగం. తాతకూ, స్పెక్‌కూ, వైజాగ్ కాలనీ మనిషికీ లెక్క ఇదే.

శ్రీశైలం నీళ్ల మీద ఇప్పటికీ ఆ లెక్కతోనే రోజు గడుస్తుంది. సోమశిల నుంచి కిందికి పోతే ఒడ్డున నీలం పట్టా కప్పిన గుడిసెలు కనబడతాయి. ఒక్కో దాంట్లో ఒక మనిషి, ఎక్కువైతే భార్యాభర్తలు. వేగుచుక్క పొడవగానే లేచి పుట్టి దించుతారు. సాయంత్రం వేసిన వలకు కట్టిన థర్మోకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు ఆ చీకట్లో తడుముకుంటూ పట్టాలి. ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో వల. గాలి లేవకముందే గుడిసె చేరాలి. కొనేవాళ్ల ఇంజను బోటు ఎనిమిదికల్లా వస్తుంది. చేపలు తూచుకుని, ఐసు, బియ్యం, బీడీలు, నీళ్ల డబ్బా ఇచ్చి, అప్పులో రాసుకుని పోతుంది. వలకు, పుట్టికి ఇచ్చిన అడ్వాన్సు ఎన్నేళ్లకూ తీరదు. ఈ ఒక్క సంగతిలో తాతే నయమనిపిస్తుంది, ఆయన చేప ఆయనదే. పగలంతా వల కుట్టడం, అన్నం వండుకోవడం, నిద్ర. పొద్దు వాలి గాలి సద్దుమణిగాక మళ్లీ వల.

గుడిసె ఒక్కచోట నిలవదు. నిండితే 885 అడుగులున్న మట్టం ఎండాకాలానికి నలభై యాభై అడుగులు దిగుతుంది. నీళ్లు వెనక్కి పోయిన కొద్దీ ఒండ్రులో మోకాళ్ల దాకా దిగబడుతూ సామాను మోసుకుపోయి కొత్త చోట గుడిసె వేయాలి. ఆ దిగుడు కాలంలోనే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఇవతల మునిగిన ఊళ్ల గోడలు, చింతచెట్ల మోళ్లు తేలుతాయి. వలలకు వాటితోనే పెద్ద నష్టం. ఏ గోడ ఎక్కడుందో ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. అందుకని ఇటు శ్రీశైలం నీళ్లకు వైజాగ్ నుంచి వచ్చినవాళ్లు కూడా నీళ్లు నిండిన కాలంలో మా ఊరి ముసలివాళ్లను అడిగే వల వేస్తారు. సముద్రపు విద్యా, మునిగిన ఊరి జ్ఞాపకమూ రెండూ కలిస్తేనే అక్కడ పని నడుస్తుంది.

అన్నీ సఖ్యంగా ఉన్నాయని చెప్పలేను. కోననంతా చుట్టేసే అలివి వలలు నిషేధమైనా పడుతూనే ఉన్నాయి. వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేసే ఆ వల వెనక ఉన్నది పెట్టుబడి. ఒంటి పుట్టి మనిషి దానికి ఎదురు నిలవలేడు. మత్స్యకార సొసైటీల మనుషులకూ వలస వచ్చినవాళ్లకూ తగాదాలు నడుస్తూనే ఉంటాయి. నా మటుకు నేను పుట్టి మనిషి పక్షం, వాడు ఏ ఊరివాడైనా.

2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. అంతమంది ఒకేసారి పోయిన ఇళ్ల ముందు నిలబడ్డవాళ్లకు, నది దాటడం అన్నది చరిత్ర పాఠం కాదు. నేను అప్పటి నుంచి ఎక్కడ మాట్లాడినా ఒకటే చెబుతున్నాను, పాత రేవులో ప్రవాహం తెలిసిన మనిషి ఉండేవాడు, కొత్త నీళ్లకు గాలి తెలిసిన మనిషి కావాలి. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి పాతిక లక్షల క్యూసెక్కుల వరద వచ్చి అలంపురం, కర్నూలు మునిగినప్పుడు జనాన్ని ఒడ్డుకు చేర్చిన వాటిలో ఈ పుట్టీలూ ఉన్నాయి. 2022లో సోమశిల, సిద్ధేశ్వరం నడుమ తీగల వంతెనకు కేంద్రం ఒప్పుకుంది. అది రావాలి, తొందరగా రావాలి.

ఈ మధ్య హైదరాబాదు పిల్లలు రంగు రంగుల ప్లాస్టిక్ కయాక్‌లు కారు మీద కట్టుకుని సోమశిల వస్తున్నారు. శ్రీశైలం దాకా ఒంటిగా పోవచ్చా అని అడుగుతారు. పోవచ్చు. తెల్లారేసరికి నీళ్ల మీద ఉండండి, పది లోపల ఒడ్డు పట్టండి. వైశాఖంలో మధ్యాహ్నం పడమర నల్లబడితే నడుమ నీళ్లలోకి పోవద్దు. జూరాల గేట్లు ఎత్తారేమో, మట్టం ఎంతుందో పేపర్లో చూసుకుని, దానికి రెండు బారల పైన డేరా వేసుకోండి. అడవి వైపు ఒడ్డు పెద్దపులుల అభయారణ్యం, అక్కడ అనుమతి లేనిదే దిగకూడదు. తాగే నీళ్లు రెండు రోజులకు సరిపడా పెట్టుకోండి. నీలం పట్టా గుడిసె కనబడితే ఆగి, ఆ ఊరి పేరు కాదు, ఆ నీళ్ల కింద ఉన్న ఊరి పేరు అడగండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. విన్నవి రాసుకుని వస్తే నాకు ఒక కాగితం పంపండి, నా దగ్గరున్న రేవుల పట్టీలో ఇంకా ఖాళీలున్నాయి.